మాత్ర వెనుక మూగజీవి

లక్సెట్టిపేటలో ఒక పెద్దమనిషి ఉన్నారు. నలభై ఏళ్లపాటు కుట్టుమిషన్ మీద బతికినవారు. రంజాన్ నెల వచ్చిందంటే ఊళ్లో సగంమంది కొత్తబట్టలు ఆయన చేతిమీదుగానే వెళ్లేవి. అలాంటి చేతికి కొన్నేళ్లుగా సూదిలో దారం ఎక్కడం మానేసింది. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది, తర్వాత చెయ్యి మొత్తం. నమాజులో అత్తహియ్యాత్‌కు కూర్చున్నప్పుడు తొడమీద పెట్టిన చెయ్యి తనంతట తానే ఆడుతూ ఉండేది. సజ్దా నుంచి లేవాలంటే పక్కవారి భుజం కావలసి వచ్చేది. వయసు మీదపడింది అన్నారు కొందరు. నజర్ తగిలింది అన్నారు మరికొందరు. తావీజు కట్టించారు, నీళ్లు ఊదించారు. రెండేళ్లు అలాగే గడిచాక కరీంనగర్‌లో నరాల డాక్టరు చూసి, ఇది పార్కిన్సన్స్ అనే జబ్బు అని చెప్పి మాత్రలు రాశారు. కొన్ని వారాలు తిరిగేసరికి ఆయన తన చేత్తోనే చాయ్ గ్లాసు పట్టుకుని తాగారు. ఆ రోజు ఆ ఇంట్లో షుకరానా నమాజు చదివారు.

ఆయన మనవరాలు ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదువుతోంది. ఒకరోజు ఆ పిల్ల అడిగింది: "దాదా, మీరు మింగే ఈ మాత్రను ముందు కుందేళ్ల మీద పరీక్షించారట. వాటిని కదలకుండా పడగొట్టి, ఆ తర్వాత మందు ఇచ్చి చూశారట. అది జుల్మ్ కాదా? ఆ మందు మనం వేసుకోవచ్చా?" పెద్దాయనకు జవాబు తోచలేదు. మరుసటి జుమా నాడు ఆ ప్రశ్నను మసీదు మెట్ల మీదికి తెచ్చారు. అక్కడివారు తలా ఒక మాట అన్నారు. చివరికి అది ఈ పేజీకి చేరింది.

ఇది చిన్నపిల్ల అడిగిన ప్రశ్నే అయినా చిన్న ప్రశ్న కాదు. ఎందుకంటే ఇందులో మన ధర్మం మనమీద పెట్టిన రెండు బాధ్యతలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి, జబ్బుకు మందు వెతకడం. దేవుడు దింపిన ప్రతి జబ్బుకూ మందును కూడా దింపాడని, వృద్ధాప్యం ఒక్కటే దానికి మినహాయింపు అని, కనుక వైద్యం చేయించుకోండని దైవప్రవక్త (స) తన సహచరులకు బోధించారు. రెండోది, మూగజీవాల పట్ల దయ. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తిరిగి తినడానికి వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిన వృత్తాంతం, దాహంతో నాలుక చాపిన కుక్కకు తన మేజోడుతో బావినీళ్లు తోడిపోసిన మనిషికి మన్నింపు దొరికిన వృత్తాంతం మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. బతికున్న ప్రాణిని కట్టి, బాణాలకు గురిపెట్టే ఆటను ఆయన నిషేధించారు. పిల్లలను పోగొట్టుకుని అల్లాడుతున్న పిట్టను చూసి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చేయమన్నారు. తిండికోసం జబహ్ చేసేటప్పుడు కూడా కత్తిని పదును పెట్టుకోమని, ప్రాణికి బాధ తగ్గించమని ఆదేశించారు. భూమిమీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6వ సూరా) మనకు గుర్తుచేస్తున్నది. ఇంత స్పష్టమైన బోధన ఉన్న సమాజంలో పుట్టిన పిల్ల ఆ ప్రశ్న వేయకపోతేనే మనం విచారించాలి.

జవాబు వెతికేముందు అసలు సంగతి తెలుసుకుందాం. మనిషి మెదడు అడుగున నల్లటి రంగులో ఒక చిన్న భాగం ఉంటుంది. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఒళ్లు అనుకున్నట్టు కదలాలంటే అది కావాలి. పార్కిన్సన్స్ జబ్బులో ఆ కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చెయ్యి వణకడం, నడక నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకుపోవడం, ముఖంలో కవళికలు తగ్గిపోవడం, రాత చిన్నదైపోవడం దాని గుర్తులు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వర్ణించారు కనుక ఆయన పేరే స్థిరపడింది. మన హకీములు వణుకును రాషా అని అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే గుర్తించారు. జ్ఞాపకాన్ని తినేసే అల్జీమర్స్, కండరాలను నడిపే నరాలను చంపే ఏఎల్‌ఎస్ కూడా ఇదే కోవలోని జబ్బులు. నాడీకణం ఒకసారి చచ్చిపోతే శరీరం దాన్ని తిరిగి పుట్టించుకోలేదు. అందుకే వీటికి మందు కనిపెట్టడం ఇంత కష్టమైంది.

ఇప్పుడు ఆ పెద్దాయన మాత్ర కథ. అది మనకు పరాయి కథ కాదు. ఢిల్లీలో తిబ్బియా కాలేజీని నెలకొల్పిన హకీం అజ్మల్ ఖాన్ (1868–1927) పేరు వినని యునానీ వైద్యుడు లేడు. 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది కూడా ఆయనే. యునానీ మూలికలను కొత్త రసాయనశాస్త్రంతో పరిశీలించాలని ఆయన ఆశించారు. జర్మనీలో చదివివచ్చిన సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ పనికి పూనుకున్నారు. హకీములు అస్రోల్ అని, వైద్యులు సర్పగంధ అని పిలిచే మొక్క వేరును ఎంచుకున్నారు. పిచ్చికీ, నిద్రలేమికీ మన వైద్యులు దాన్ని తరతరాలుగా వాడుతున్నారు. 1931లో సిద్దీఖీ ఆ వేరునుంచి కొన్ని రసాయనాలను వేరుచేసి, వాటిలో ఒకదానికి అజ్మలీన్ అని పేరుపెట్టారు. అది హకీం సాహెబ్‌కు ఒక శాస్త్రవేత్త అర్పించిన నివాళి. 1952లో స్విట్జర్లాండ్‌లో అదే వేరునుంచి రెసర్పిన్ అనే మరో మందును వేరుచేశారు. అది రక్తపోటుకూ, మానసిక రోగాలకూ లోకమంతా వాడకంలోకి వచ్చింది.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. రెసర్పిన్ ఎక్కువగా వాడిన కొందరు రోగులు పార్కిన్సన్స్ వచ్చినవారిలాగే బిగుసుకుపోయారు. స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకూ, ఎలుకలకూ రెసర్పిన్ ఇచ్చి చూశారు. కుందేళ్లు చెవులు వాల్చేసి, కదలక మెదలక పడిపోయాయి. ఆ తర్వాత వాటికి ఎల్‌డోపా అనే పదార్థాన్ని ఎక్కించారు. కాసేపట్లోనే అవి చెవులు నిక్కించి లేచాయి. రెసర్పిన్ మెదడులోని డోపమైన్‌ను ఖాళీచేస్తుందని, ఎల్‌డోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుందని అలా తేలింది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఎరింగర్ అనే శాస్త్రవేత్తలు పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, వాటిలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని రుజువు చేశారు. 1961లో అదే ఊళ్లో బిర్క్‌మాయర్ అనే వైద్యుడు రోగులకు ఎల్‌డోపా ఇచ్చారు. మంచంలో లేచి కూర్చోలేనివారు లేచి నడిచారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ మోతాదును మెల్లగా పెంచుతూ నోటిద్వారా ఇచ్చే పద్ధతిని స్థిరపరిచారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. కుందేలుకు ఏమీ రాలేదు. మన మనవరాలి ప్రశ్న సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఈ కథకు మన అడవితో కూడా చుట్టరికం ఉంది. దూలగొండి తీగ తెలియని పల్లె తెలంగాణలో ఉండదు. కాయమీది నూగు ఒంటికి తగిలితే దురదతో ప్రాణం పోతుంది. దాని గింజలో ఎల్‌డోపా ఉందని దామోదరన్, రామస్వామి అనే మన దక్షిణాది శాస్త్రవేత్తలు 1937లోనే ప్రకటించారు. అయితే అది ఏ జబ్బుకు పనికొస్తుందో లోకానికి తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ లంకె కుదిరింది కుందేళ్ల పరీక్షతోనే. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులకు శుద్ధిచేసిన దూలగొండి పొడి ఇచ్చి చూస్తే, అది మామూలు మాత్రకన్నా త్వరగా పనిచేసింది. అలాగని ఎవరికివారు పొడి కొట్టుకుని మింగడం మొదలుపెట్టకండి. అడవిగింజలో మందు ఎంతుందో కంటితో చూసి చెప్పలేం. మోతాదు మించితే వాంతులు, భ్రమలు, ఒళ్లు మెలికలు తిరగడం తప్పవు.

జంతువులనుంచి దొరికిన మరో మేలు కూడా చెప్పాలి. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందును ఎక్కించుకుని, కొద్దిరోజుల్లోనే వృద్ధరోగుల్లా కొయ్యబారిపోయారు. ఎంపీటీపీ అనే విషం అందులో కలిసిందని తేలింది. ఆ విషాన్ని కోతులకు ఇస్తే వాటికీ అదే జబ్బు వచ్చింది. 1990లో మహ్లాన్ డిలాంగ్ బృందం అలాంటి కోతుల మెదడులో ఒక చిన్న భాగం పనిని ఆపితే వణుకూ, బిగుసుకుపోవడమూ తగ్గుతాయని చూపింది. ఫ్రాన్స్‌లో అలీం బెనబీద్ అనే శస్త్రవైద్యుడు ఆ భాగానికి సన్నని తీగద్వారా విద్యుత్తు పంపే చికిత్సను రోగులకు అందించారు. లోకంలో లక్షమందికి పైగా ఆ చికిత్స పొందారు. ఈ రోజు అది హైదరాబాద్‌లో కూడా దొరుకుతున్నది. ఆ కోతులు పడిన బాధ నిజం. ఆ రోగులకు దొరికిన ఉపశమనమూ నిజం. ఒకదాన్ని చెప్పి మరొకదాన్ని దాచడం న్యాయం కాదు.

జంతువులమీద పరీక్ష పాశ్చాత్యులు తెచ్చిన వింత అని కొందరు అనుకుంటారు. అదీ నిజం కాదు. అందలూసియా వైద్యుడు ఇబ్నె జుహ్ర్ (మరణం 1162) గొంతుకు కోతపెట్టి శ్వాసమార్గం తెరిచే చికిత్సను మనిషికి చేసేముందు మేకమీద చేసి, గాయం మానుతుందని నిర్ధారించుకున్నారు. అంతకుముందే ఇబ్నె సీనా (980–1037) తన వైద్యగ్రంథం అల్ ఖానూన్‌లో కొత్త మందును పరీక్షించడానికి కొన్ని నియమాలు రాశారు. అందులో చివరి నియమం ఈనాటి ప్రయోగశాలల గోడలమీద రాసిపెట్టుకోదగ్గది. మందు గుణం చివరికి మనిషి శరీరంమీదనే తేలాలి, సింహానికో గుర్రానికో ఇచ్చి చూసినంత మాత్రాన అది మనిషికి ఎలా పనిచేస్తుందో రుజువు కాదు అని దాని సారాంశం. వెయ్యేళ్ల కిందట ఆ మహావైద్యుడు చేసిన హెచ్చరికను ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రం మరిచిపోయింది, దానికి మూల్యం చెల్లించింది.

ఆ మూల్యం ఎంతో చూడండి. 1999లో అల్జీమర్స్ జబ్బుకు ఒక టీకా తయారుచేసి, ఆ జబ్బు గుర్తులు పుట్టించిన ఎలుకలకు వేశారు. వాటి మెదడులో పేరుకున్న మురికి తగ్గింది. లోకం సంబరపడింది. మనుషులమీద పరీక్ష మొదలుపెట్టాక దాదాపు మూడువందల మందిలో పద్దెనిమిది మందికి మెదడువాపు వచ్చింది. 2002లో ఆ పరీక్షను ఆపేశారు. మినోసైక్లిన్ అనే మందు ఏఎల్‌ఎస్ ఎలుకల ఆయుష్షును పెంచింది. మనుషులకు ఇస్తే వారి జబ్బు ఇంకా వేగంగా ముదిరిందని 2007లో తేలింది. 2008లో అమెరికాలోని ఒక పరిశోధన సంస్థ డెబ్భైకి పైగా మందులను అయిదేళ్లలో సుమారు పద్దెనిమిదివేల ఎలుకలమీద మళ్లీ జాగ్రత్తగా పరీక్షించి ఫలితం ప్రకటించింది. వాటిలో అంతకుముందు పనిచేశాయని పేరుపొందినవి కూడా ఉన్నాయి. ఒక్కటీ పనిచేయలేదు. తొలి పరీక్షలు చాలావరకు కొద్దిపాటి ఎలుకలతో, తొందరగా, సరైన కట్టుబాట్లు లేకుండా చేసినవి. అంటే ఆ ప్రాణులు చనిపోయింది మనిషికి మందు దొరకడానికి కాదు, అజాగ్రత్తకు.

ఎందుకిలా జరుగుతుంది? ఎలుక బతికేది రెండుమూడేళ్లు. పార్కిన్సన్స్ గానీ, అల్జీమర్స్ గానీ మనిషిలో దశాబ్దాలపాటు కనబడకుండా పెరిగి అరవై దాటాక బయటపడే జబ్బులు. ఎలుకకు ఆ జబ్బు సహజంగా రాదు. విషం ఎక్కించో, జన్యువు మార్చో దాన్ని తెప్పిస్తారు. అది జబ్బుకు నకలు, అసలు కాదు. నకలుమీద గెలిచిన మందు అసలుమీద ఓడిపోవచ్చు. ఈనాటికీ ఎల్‌డోపా పార్కిన్సన్స్ లక్షణాలను తగ్గిస్తుందే తప్ప కణాలు చావడాన్ని ఆపదు. ఆపే మందు ఇంకా రాలేదు. అల్జీమర్స్‌కు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ కూడా జబ్బును కొంత నెమ్మదింపజేస్తుంది, నయం చేయదు.

అయితే జంతుపరీక్షలు వద్దని ఒక్కమాటలో తేల్చేద్దామా? తేల్చేముందు మరో సంగతి ఆలోచించాలి. 1937లో అమెరికాలో ఒక మందుల కంపెనీ గొంతునొప్పికి తియ్యటి ద్రవం తయారుచేసి, ఏ పరీక్షా లేకుండా అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆ దుర్ఘటన తర్వాతే, మందు అమ్మేముందు అది ప్రమాదకరం కాదని చూపాలనే చట్టం 1938లో వచ్చింది. పరీక్ష అనేది తప్పించలేనిది. జంతువును తప్పిస్తే మరో పద్ధతి సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ చోటికి పేదమనిషి వస్తాడు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. గోదావరి దాటితే పాత కరీంనగర్ జిల్లా. అక్కడి జమ్మికుంట ప్రాంతపు యువకులు కొన్నివేల రూపాయల కోసం ఇతర నగరాలకు వెళ్లి మందుల పరీక్షలకు ఒళ్లు అప్పగించారని, జబ్బుపడ్డారని 2017లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. అంతకుముందు 2010లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు టీకా వేసి చేసిన అధ్యయనాన్ని, సమ్మతి తీసుకున్న పద్ధతిమీద విమర్శలు రావడంతో ప్రభుత్వం ఆపించింది. కుందేలు సంతకం చేయలేదు కనుక మనకు దానిమీద జాలి. కానీ చదవలేని కాగితంమీద, అప్పుల బాధతో వేలిముద్ర వేసిన మనిషి సమ్మతి మాత్రం ఎంతపాటి సమ్మతి? జంతువుపట్ల కరుణ అంటే పేదవాణ్ని జంతువు స్థానంలో నిలబెట్టడం కాకూడదు.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం మంచిది. మనదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ప్రయోగాలను పర్యవేక్షించే ఒక కేంద్ర సంఘం ఉంది. 1998 నియమాల ప్రకారం అనుమతి లేనిదే ఏ ప్రయోగశాలా జంతువులమీద ప్రయోగం చేయరాదు. ప్రయోగం ముగిశాక పెద్ద జంతువుల పోషణ, పునరావాసం ఖర్చును కూడా పరిశోధన ఖర్చులోనే లెక్కకట్టాలి. ఇది చదివినప్పుడు మాకు పదమూడో శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలాం గుర్తుకొచ్చారు. మనిషిమీద జంతువుకున్న హక్కులను ఆయన ఒక్కొక్కటిగా లెక్కించారు. ముసలిదై, జబ్బుపడి, ఇక ఏ పనికీ రాకపోయినా యజమాని దాన్ని పోషించాలన్నది అందులో ఒకటి. ఈనాటి చట్టం ఆ మాటకు దగ్గరగా వచ్చింది. సౌందర్యసాధనాలను జంతువులమీద పరీక్షించడాన్ని భారతదేశం 2014లో నిషేధించింది. లిప్‌స్టిక్ కోసం కుందేలు కంట్లో మందు పోయడానికి ఏ అవసరమూ లేదని ఒప్పుకోవడమే అది.

1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు చెప్పారు. జంతువు లేకుండా చేయగలిగితే అలాగే చెయ్యి, తప్పకపోతే సంఖ్య తగ్గించు, బాధ తగ్గించు. ఇప్పుడు మొదటి సూత్రానికి కొత్త బలం వచ్చింది. రోగి చర్మకణాన్ని వెనక్కి మళ్లించి నాడీకణంగా పెంచి, దానిమీదనే మందు పరీక్షించే విద్య 2007 నుంచి శాస్త్రవేత్తల చేతికి అందింది. మందుల అనుమతికి జంతుపరీక్ష తప్పనిసరి అన్న షరతును అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. మనదేశం కూడా 2023లో నియమాలు సవరించి, జంతువులు లేని పద్ధతులకు చోటిచ్చింది. హైదరాబాద్ ఈ విషయంలో దేశానికి దారి చూపగలదు. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉన్నాయి. ప్రయోగజంతువులకోసం జాతీయ కేంద్రాన్ని కూడా శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలోనే నెలకొల్పారు. అక్కడ బోన్లు పెరగడంతోపాటు, బోన్లు అక్కరలేని పద్ధతులు కూడా అంతే వేగంగా పెరగాలని కోరడం మన హక్కు.

ఇక ఆ పిల్లకు జవాబు. మేము ఫత్వా ఇచ్చేవారం కాము. అది ఉలమాల పని. కానీ మన ధర్మశాస్త్రంలో అందరూ అంగీకరించిన ఒక సూత్రం ఉంది. తప్పనిసరి అవసరం కొన్ని నిషేధాలను సడలిస్తుంది, అయితే ఆ అవసరం ఎంతో అంతమేరకే. దాన్ని ఇక్కడ అన్వయిస్తే కొన్ని షరతులు తేలుతాయి. జబ్బు నిజంగా తీవ్రమైనది కావాలి. వేరే దారి ఉండకూడదు. ఎన్ని ప్రాణులు లేనిదే ఫలితం తేలదో అన్నింటినే తీసుకోవాలి. అయిదు చాలినచోట యాభై వాడడం ఎంత తప్పో, యాభై అవసరమైనచోట అయిదుతో సరిపెట్టి ఆ అయిదింటి ప్రాణాలను వృథాచేయడమూ అంతే తప్పు. మత్తు ఇవ్వగలిగినచోట ఇవ్వకపోవడం క్రూరత్వం. అన్నిటికంటే ముఖ్యం, ఫలితం మంచిదైనా చెడ్డదైనా లోకానికి చెప్పాలి. ఓడిపోయిన పరీక్షను బీరువాలో దాచుకుంటే మరొకరు అదే పరీక్ష చేసి, అన్ని ప్రాణులనూ మళ్లీ చంపుతారు. అది ఖియానత్. ఈ షరతులు పాటించిన శాస్త్రవేత్త చేసిన పనిని జుల్మ్ అనలేం. పాటించనివాడి పని, అతడు ఏ పేరు పెట్టుకున్నా, పిల్లిని కట్టేసిన స్త్రీ పనికి దూరం కాదు.

కనుక, అమ్మాయీ, మీ దాదా ఆ మాత్ర వేసుకోవచ్చు, వేసుకోవాలి. మానేస్తే ఆ కుందేలుకు ప్రాణం తిరిగిరాదు. దాని వల్ల దొరికిన మేలు కూడా పోతుంది. ఆ మేలును వృథా చేయకపోవడమే దానికి మనం చూపగల కృతజ్ఞత.

వృథా ఎలా అవుతుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో అదే ఎక్కువగా జరుగుతున్నది. వణుకును నజర్ అనో, ఆసేబ్ అనో అనుకుని ఏళ్లు గడిపేయడం మొదటి వృథా. దుఆ చేయండి, దానితోపాటు డాక్టరుకూ చూపించండి. ఒంటెను కట్టిన తర్వాతే దైవంమీద భారం వేయమన్నది మనకు ప్రవక్త (స) నేర్పిన పాఠం. రెండోది, చేయి వణికితే అంతా పార్కిన్సన్స్ కాదు. తల తిరగడానికి ఇచ్చే సిన్నరిజైన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక రోగాల మందులు ఎక్కువకాలం వాడితే ఆనాటి కుందేళ్లకు వచ్చినట్టే బిగుసుకుపోవడం, వణుకు వస్తాయి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. మూడోది, ఎల్‌డోపా మాత్రను వేళకు వేయాలి. మాంసం, పప్పు, పాలతో కలిపి తీసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. భోజనానికి అరగంట ముందు మేలు. బాగుందని హఠాత్తుగా మానేస్తే ప్రాణంమీదికి రావచ్చు.

రంజాన్ విషయం ప్రత్యేకంగా చెబుతున్నాం. రోజుకు నాలుగైదుసార్లు మాత్ర వేసుకోవలసిన పెద్దలు రోజా ఉంటామని పట్టుపట్టి, సహరీ నుంచి ఇఫ్తార్ దాకా మందులేక కొయ్యబారిపోతారు. రోగికి మినహాయింపు ఇచ్చినవాడు అల్లాహ్. ఆయన ఇచ్చిన సౌకర్యాన్ని తిరస్కరించడం భక్తి కాదు. రంజాన్ రాకముందే డాక్టరును, ఇమాం సాహెబ్‌ను ఇద్దరినీ అడగండి. కోడళ్లు, కొడుకులు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ జబ్బులో ముఖం కదలదు, గొంతు తగ్గుతుంది. అది కోపం కాదు, నిర్లక్ష్యమూ కాదు. వజూకు నీళ్లు అందించండి, నమాజుకు కుర్చీ వేయండి, అన్నం నెమ్మదిగా తిననివ్వండి. మసీదు కమిటీలు మొదటి సఫ్ పక్కన రెండు కుర్చీలు ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

చివరిగా మన యువకులకు ఒక మాట. మందుల పరీక్షకు పిలిచి డబ్బు ఇస్తామని ఎవరైనా వస్తే, ముందు కాగితం తెలుగులోనో ఉర్దూలోనో అడగండి. ఇంటిపెద్దకు చూపించండి. నైతిక కమిటీ అనుమతి ఉందా, హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇస్తారు అని రాతపూర్వకంగా తీసుకోండి. 2019 నియమాలు ఈ హక్కులు ఇచ్చాయి. జబ్బు నయం కావాలనీ, తర్వాతివారికి మేలు కావాలనీ, అంతా తెలుసుకుని ఒప్పుకుంటే అది సేవ. అప్పు తీర్చడానికి ఒక పరీక్ష ముగిసీ ముగియకముందే మరో పరీక్షకు పరిగెత్తితే అది దేవుడు అమానతుగా ఇచ్చిన శరీరాన్ని అమ్ముకోవడం.

మాకు తెలిసిన మరో సంగతి చెప్పి ముగిస్తాం. ఆ పెద్దమనిషి ఇప్పుడు మళ్లీ మిషన్ తొక్కడం లేదు, ఆ వయసు దాటింది. కానీ ఇంటి అరుగుమీద రోజూ ఉదయం ఒక మట్టిమూకుడులో నీళ్లు, గుప్పెడు జొన్నలు పెడుతున్నారట. పిచ్చుకలు వస్తాయి, ఉడుతలు వస్తాయి. మూకుడు పట్టుకున్న చెయ్యి కొద్దిగా వణుకుతుంది, నీళ్లు కొన్ని ఒలుకుతాయి. తనకు మేలు చేసిన ప్రాణి ఏదో తెలియదు కనుక, కనిపించినవాటికి చేస్తున్నాను అన్నారట మనవరాలితో. ఏ ప్రాణికి చేసిన మేలుకైనా పుణ్యం ఉందని దైవప్రవక్త (స) చెప్పనే చెప్పారు.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, వారిని చూసుకునేవారికి ఓపికను, మందు వెతికేవారికి జ్ఞానంతోపాటు దయను, మనందరికీ కృతజ్ఞతను ప్రసాదించుగాక! ఆమీన్.